సోమవారం రాత్రి పదింటికి

మొన్న మొన్న జరిగినట్టే ఉంది గానీ, లెక్క చూసుకుంటే అప్పుడే కొన్నేళ్ళయింది. 2021 ఆగస్టు ఆఖర్లో మా మనవరాలు ఫోను చేసి, ఏడుపు గొంతుతో, "అమ్మమ్మా, బెలూన్ల తాతయ్య పోయాడట!" అంది. నా గుండె గుభేలుమంది. ఏ తాతయ్యే తల్లీ అని గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు తేలింది. 'అప్' అని ఒక బొమ్మల సినిమా. 2009లో వచ్చింది. అందులో ఒక ముసలాయన తన ఇంటికి వేలకొద్దీ బెలూన్లు కట్టి, ఇంటితో సహా ఆకాశంలోకి ఎగిరిపోతాడు. ఆ ముసలాయనకి గొంతు ఇచ్చిన నటుడు ఎడ్ ఆస్నర్. తొంభై ఒక్క ఏళ్ళ వయసులో, ఆగస్టు 29న పోయాడు.

"నీకు ఆయన బెలూన్ల తాతయ్యేమో గానీ, నాకు ఎడిటరు గారే," అన్నాను.

"ఇహ కానీ పురాణం," అన్నారు మా వారు పేపరు చాటునుంచి.

పురాణమే. అయిదేళ్ళపాటు ఏ వ్రతం చేసినా ఇంత నిష్ఠగా చేసి ఉండను. సోమవారం రాత్రి పదయిందంటే చాలు, గిన్నెలు తోమినా తోమకపోయినా, టీవీ ముందు కూర్చునేదాన్ని. ఆ సీరియల్ పేరు 'లూ గ్రాంట్'. పత్రికాఫీసు కథ. అందులో హంతకులూ, గూఢచారులూ, ఎగిరే మనుషులూ ఎవరూ ఉండరు. నడివయసు దాటిన, పొట్ట ముందుకొచ్చిన, బట్టతల మనిషి ఒకడు చొక్కా చేతులు మడిచి, "ఈ వార్త ఎవరు చెప్పారు? రెండో మనిషిని అడిగావా?" అని అరుస్తూ ఉంటాడు. అంతే కథ. దీనికోసమా ఈవిడ ఇంత చేసింది అని మీకు నవ్వు వస్తే నవ్వుకోండి, ఫరవాలేదు. కానీ కాస్త ఆగి నా మాట కూడా వినండి.

నేను అమెరికా వెళ్ళింది 1976లో. మా వారు డాక్టరీ పై చదువుకోసం అంతకు ఏడాది ముందే వెళ్ళారు. డెట్రాయిట్ పక్కన ఒక చిన్న అపార్టుమెంటు. ఆయనకి వారంలో మూడు రాత్రులు ఆస్పత్రిలోనే డ్యూటీ. చంకలో పది నెలల పిల్ల. కిటికీలోంచి చూస్తే మంచు, మంచు, మంచు. మాట్లాడదామంటే తెలుగు మనిషి ఇరవై మైళ్ళ అవతల. నేను బీ.ఏ. పాసయినదాన్నే గానీ, వాళ్ళ ఇంగ్లీషు నా చెవికి చేరేసరికి వాళ్ళు నాలుగు వాక్యాలు ముందుకు వెళ్ళిపోయేవారు. అందుకని ఆయన ఎవరో అమ్మేస్తుంటే ఒక పాత టీవీ కొని తెచ్చారు. "చూస్తూ ఉండు, భాష అదే వస్తుంది," అన్నారు. మందు రాసిచ్చినట్టు.

మొదట నాకు దొరికింది 'మేరీ టైలర్ మూర్ షో'. అందులోనే ఈ లూ గ్రాంట్ ఉండేవాడు. మినియాపొలిస్‌లో ఒక టీవీ వార్తల ఆఫీసుకి పెద్దగా, పైకి చిరచిర, లోపల వెన్న. అది హాస్యం. ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి వాళ్ళ ముందే ఆడేవారు కాబట్టి మాటమాటకీ నవ్వులు వినపడేవి. నాకు జోకు అర్థం కాకపోయినా, వాళ్ళతోపాటు నవ్వేస్తే మా అమ్మాయి కూడా నవ్వేది. 1977 మార్చిలో అది ఆఖరయింది. ఆఖరి రోజున ఆఫీసులో ఒక్క తెలివితక్కువ న్యూస్ రీడరుని ఉంచి మిగతా అందరినీ ఉద్యోగాల్లోంచి తీసేస్తారు! అలా ఉద్యోగం పోయిన లూ గ్రాంట్‌ని, అదే మనిషిని, అదే పేరుతో తీసుకొచ్చి లాస్ ఏంజెలస్‌లో ఒక దినపత్రికకి సిటీ ఎడిటరుగా పెట్టి, నవ్వులు తీసేసి, గంటసేపు నాటకం చేశారు. పత్రిక పేరు 'ట్రిబ్యూన్'. కల్పితమే. మొదటి భాగం 1977 సెప్టెంబరు 20న, మంగళవారం వచ్చింది. తర్వాత, 1978 మొదట్లో, సోమవారానికి మార్చారు.

పత్రికాఫీసు నాటకాలు వాళ్ళకి కొత్త కాదట. మా కింది వాటాలో ఉండే ముసలావిడ, "మా రోజుల్లో 'బిగ్ టౌన్' అని వచ్చేది, అదీ నాటకమంటే!" అనేది. అది ముందు రేడియోలో మొదలయింది, 1937లో. 1950లో టీవీకి ఎక్కి ఆరేళ్ళు నడిచింది. అందులో ఎడిటరు దొంగల్ని స్వయంగా పట్టుకునేవాడు. "మీ లూ గ్రాంట్ పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని ఫోను మాట్లాడతాడు, అదేం చోద్యం!" అని ఆవిడ బాధ. నాకు నచ్చిందే అది. ఎందుకంటే పత్రికవాడు దొంగల్ని పట్టడని నాకు తెలుసు. మా నాన్నగారు విలేఖరి.

విలేఖరి అంటే జీతం బత్తెం ఉన్న విలేఖరి కాదు. కృష్ణా జిల్లాలో మాది చిన్న మునిసిపాలిటీ. నాన్నగారికి హైస్కూల్లో గుమాస్తా ఉద్యోగం. దానితోపాటు ఒక దినపత్రికకి మా ఊరి కంట్రిబ్యూటరు. అచ్చయిన వార్తకి, అది ఎంత పొడుగుంటే అంత డబ్బు. నెలాఖరున నాన్నగారు తన వార్తలన్నీ కత్తిరించి, తెల్లకాగితాల మీద వరసగా అంటించి, నా బడి స్కేలు అడిగి తీసుకుని కొలిచేవారు. "ఈ నెల నలభై రెండు అంగుళాలమ్మడూ!" అనేవారు, ఎవరో పిల్లాడు ఎత్తు పెరిగినట్టు. మా వరండాలో బల్లే ఆయన ఆఫీసు. రెండు కార్బన్ కాగితాలు, ఒక చెక్క పెన్నుల పెట్టె, గంజి గిన్నె. సాయంత్రం వార్తలు రాసి, కవరుకి గంజి అంటించి, సైకిలు మీద బస్టాండుకి వెళ్ళి ఆరింటి బస్సు కండక్టరు చేతికిచ్చేవారు. బెజవాడ బస్టాండులో పత్రికవాళ్ళ మనిషి వచ్చి తీసుకునేవాడు. ఏ మంత్రిగారో వస్తే టెలిగ్రాం. టెలిగ్రాం ఇచ్చిన రోజున మా నాన్నగారి నడకే వేరు.

అందుకే ఆ మంగళవారం రాత్రి, టీవీలో వరసగా బల్లలూ, టైపు మిషన్లూ, మోగే ఫోన్లూ కనపడగానే నాకు మా వరండా కనపడింది. పేర్లు పడేటప్పుడు వచ్చే బొమ్మలు కూడా చెప్పి తీరాలి. చెట్టు మీద పిట్ట కూస్తూ ఉంటుంది. ఆ చెట్టు కొట్టేస్తారు. దుంగలు మిల్లుకి వెళతాయి, కాగితమవుతుంది, పత్రిక అచ్చవుతుంది, ఇంటి ముందు పడుతుంది, ఎవరో చదువుతారు. చివరికి ఆ కాగితాన్ని పంజరంలో పిట్ట కింద పరుస్తారు! పిట్టతో మొదలై పిట్టతో ఆఖరు. నేను పకపకా నవ్వాను. మా ఇంట్లో అయితే చివరి బొమ్మ అలమరలో పచ్చడి జాడీల కింద ఉండేది. "నా అంగుళాల మీద ఆవకాయ నూనె కారుతోంది, చూడండర్రా," అని నాన్నగారు ఎన్నిసార్లు వాపోయారో.

మొదటి భాగం కథ ఏమిటంటే, పోలీసు స్టేషనులోనే ఒక బల్ల వేసుకుని పోలీసు వార్తలు రాసే పాతకాపు విలేఖరి ఒకడుంటాడు. పోలీసులతో కలిసి తింటాడు, తాగుతాడు, వాళ్ళ పిల్లల పేర్లు కూడా తెలుసు. కొందరు పోలీసులు చిన్నవయసు ఆడపిల్లల్తో చెడ్డగా ప్రవర్తించారని అతనికి తెలుస్తుంది. తెలిసీ రాయడు. నోరు మూసుకుని కూర్చుంటాడు. కొత్తగా వచ్చిన లూ గ్రాంట్‌కి సంగతి పొక్కి, అక్కడినుంచి తగవు. సగం మాటలు నాకు అర్థం కాలేదు. కానీ ఆ పాతకాపు ముఖం అర్థమయింది. అతను చెడ్డవాడు కాడు. అదే చిక్కు. రోజూ కనపడే మనుషుల ముఖం చూసి మొహమాటపడ్డాడు.

నేను ఆ రాత్రి నిద్రపోలేదు. పిల్ల ఏడవకపోయినా లేచి కూర్చున్నాను. ఎందుకంటే మా నాన్నగారు సరిగ్గా దానికి ఎదురు పని చేశారు. మొహమాటపడకుండా రాశారు. ఆ రాతకి ఖర్చయింది నేను.

1971 మాఘమాసం. నాకు ఇరవయ్యో ఏడు. మా ఊళ్ళోనే పేరున్న కాంట్రాక్టరు గారి రెండో అబ్బాయికి నన్ను అడిగారు. మాకు మించిన సంబంధం. కట్నం పెద్దగా అక్కర్లేదన్నారు. పిల్లవాడు బెజవాడలో బ్యాంకులో పని. గురువారంనాడు తాంబూలాలు పుచ్చుకున్నారు. నాకు ఆకుపచ్చ పట్టుచీర పెట్టారు. సరిగ్గా వారం తిరిగిన రాత్రి, ఆయన కట్టించిన మునిసిపల్ బడి కొత్త వరండా స్లాబు కూలింది. రాత్రి కాబట్టి పిల్లలెవరూ లేరు. కింద పడుకున్న వాచ్‌మన్‌కి కాలు విరిగింది. ఆ మర్నాటి సాయంత్రం నాన్నగారు వరండాలో కూర్చుని రాస్తూ ఉంటే, మా మేనమామ వచ్చి చేతులు పట్టుకుని బతిమాలాడు. "బావగారూ, స్లాబు పడిందని రాయండి. ఎవరు కట్టారో రాయకండి. ఆ ఒక్క పేరూ వదిలేస్తే మీ సొమ్మేం పోయింది?" అని. నాన్నగారు తలెత్తలేదు. రాశారు. కాంట్రాక్టరు పేరుతో సహా. ఆ తర్వాత మూడో రోజున వాళ్ళ మనిషి వచ్చి తాంబూలాల చీర వెనక్కి పట్టుకుపోయాడు.

అవి ఎలాంటి రోజులో నాతో ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు. తాంబూలాలు వెనక్కి వెళ్ళిన పిల్లంటే ఊరంతా జాలిపడేవారు. ఆ జాలి కంటే తిట్టు నయం. మూడేళ్ళు అలా గడిచాయి. 1974లో మా వారి సంబంధం వచ్చింది. (ఆయన ఇది చదువుతారు కనుక, అంతా మన మంచికే జరిగిందని ఇక్కడ రాస్తున్నాను. నిజం కూడా.) కానీ ఆ మూడేళ్ళలో నేను నాన్నగారితో సరిగా మాట్లాడలేదు. మా అమ్మ అయితే మూడు నెలలపాటు అసలు పలకనే లేదు. కంచం పెట్టేది, మంచినీళ్ళు పెట్టేది, పక్కకు తిరిగి నిలబడేది. నాన్నగారు ఎవరితోనూ ఒక్క ముక్క సంజాయిషీ చెప్పలేదు. నేను విమానం ఎక్కే రోజున కూడా, "జాగ్రత్త అమ్మడూ," అన్నారు, అంతే.

ఎనిమిదివేల మైళ్ళు వచ్చాక, ఒక బట్టతల అమెరికావాడు నా ముందు కూర్చుని ఆ తగవు మళ్ళీ మొదలుపెట్టాడు.

'లూ గ్రాంట్'లో నాకు నచ్చిందేమిటంటే, వార్త ఎలా దొరికింది అన్నదానికంటే, దొరికాక ఏం చేయాలి అన్నదాని మీద ఎక్కువ కొట్టుకునేవారు. ఇది వేస్తే ఎవరికి దెబ్బ? వేయకపోతే ఎవరికి? రోసీ అని ఒక కుర్ర రిపోర్టరు ఉండేవాడు. వాడికి వార్త తప్ప మనిషి కనపడడు. బిల్లీ న్యూమన్ అని ఒకమ్మాయి. ఆడవాళ్ళ పేజీలో రాసుకునే ఆ పిల్లని లూ గ్రాంట్ తన సిటీ డెస్కుకి తెచ్చుకుంటాడు. ముందు ఆ స్థానంలో ఇంకో అమ్మాయి మూడు భాగాలకే వచ్చి వెళ్ళిపోయింది, మీకెవరికీ గుర్తుండదు. బిల్లీ మాత్రం అచ్చం మనలాంటిది. ప్రశ్న అడిగేముందు ఎదుటివాళ్ళ ముఖం చూస్తుంది. అడిగాక ఆ రాత్రి ఇంట్లో బాధపడుతుంది. యానిమల్ అనే ఫొటోగ్రాఫరు ఉండేవాడు. పేరుకు తగ్గట్టే తైలసంస్కారం లేని తలకాయ. వియత్నాం యుద్ధంనుంచి తిరిగొచ్చినవాడని తర్వాతెప్పుడో చెప్పారు. ఆ రోజున వాడిమీద నా విసుగంతా పోయింది.

వీళ్ళందరికంటే నాకు ప్రాణం మిసెస్ పించన్. పత్రిక యజమానురాలు. భర్త పోయాక పత్రిక ఆవిడ చేతికి వచ్చింది. చంకలో ఒక చిన్న కుక్కపిల్ల, మెడలో ముత్యాలు, నోట్లో కత్తి. ఆవిడ గదిలోకి వస్తే మగవాళ్ళందరూ లేచి నిలబడేవారు. వాషింగ్టన్ పోస్టుని నడిపిన కాథరిన్ గ్రాహమ్ని చూసి ఆ పాత్ర మలిచారని చెప్పుకునేవారు. నాన్సీ మార్చండ్ అనే ఆవిడ వేసింది. ఆ ఒక్క పాత్రకే నాలుగు ఎమ్మీలు వచ్చాయి. ఆవిడ స్నేహితులమీదే వార్త వస్తుంది, వాళ్ళు ఫోను చేస్తారు, ఆవిడ కిందికి వచ్చి లూ గ్రాంట్‌తో పోట్లాడుతుంది. ఒక్కోసారి ఆవిడ నెగ్గేది, ఒక్కోసారి అతను. నేను ఎటువైపు ఉండాలో తెలియక వేళ్ళు విరుచుకునేదాన్ని. సరిగ్గా మా అమ్మ వైపా, మా నాన్నగారి వైపా అన్నట్టుండేది.

1978 ఫిబ్రవరిలో, బయట మోకాలి లోతు మంచు, మా వారు డ్యూటీలో ఉండగా, ఏరోగ్రాం తీసి రాశాను. "నాన్నగారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం," అని మామూలుగా మొదలుపెట్టి, పిల్ల పళ్ళ గురించి రాసి, ఈ సీరియల్ గురించి రాసి, అట్ట మడిచే చోట, ఇక జాగా లేని చోట, "ఆనాడు ఆ పేరు రాసేటప్పుడు నేను మీకు గుర్తొచ్చానా?" అని రాశాను. అంటించేశాను. పోస్టు డబ్బాలో వేశాక, చెయ్యి లోపలికి పెట్టి తీసేసుకుందామా అనిపించింది. అక్కడి డబ్బాలకి అంత మూతి ఉండదు.

నాలుగు వారాలకి జవాబు వచ్చింది. నాన్నగారి అక్షరాలు ఎప్పుడూ పత్రికకి రాసినట్టే ఉండేవి, ఒక్క కొట్టివేత లేకుండా. ఈ ఉత్తరంలో మూడుచోట్ల కొట్టివేసి ఉంది. ఆ ఉత్తరం నా దగ్గర ఇప్పటికీ ఉంది. చూసే రాస్తున్నాను.

"చి. సౌ. అమ్మడికి ఆశీస్సులు. నువ్వు అడిగింది ఏడేళ్ళ కిందట అడగవలసిన ప్రశ్న. అడగలేదు కనుక నేనూ చెప్పలేదు. నీకు తెలిసినది సగమే. స్లాబు సంగతి నాకు కూలాక తెలియలేదు. పదకొండు రోజుల ముందే తెలుసు. అక్కడ పనిచేసిన తాపీమేస్త్రీ ఒకరోజు పొద్దున్నే మనింటికి వచ్చి చెప్పాడు. సిమెంటు పర్మిట్ల రోజులు కదా, బడి పేర తెచ్చిన సిమెంటు సగం నల్లబజారుకి పోయిందనీ, ఊచలు కూడా సగమే వేశారనీ. నేను వెళ్ళి చూశాను. గోటితో గీస్తే రాలింది. వార్త రాశాను. కవరు అంటించాను. బస్టాండుకి వెళ్ళాను. కండక్టరు చెయ్యి చాపాడు కూడా. నాలుగురోజుల్లో నీ తాంబూలాలు. కవరు జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చేశాను. ఆ కాంట్రాక్టరు గారితో మాత్రం, కాబోయే వియ్యంకుడిగా, ఒక మాట అన్నాను. 'చూద్దాం లెండి బావగారూ,' అన్నాడు. నేను కూడా చూస్తూ కూర్చున్నాను. అది పగలు పది గంటలకి కూలితే దాని కింద రెండో తరగతి ఉండేది. కనుక అమ్మడూ, ఆ పేరు రాసేటప్పుడు నువ్వు గుర్తొచ్చావా అంటే, రాసేటప్పుడు కాదు, రాయకుండా ఉన్నన్ని రోజులూ నువ్వే గుర్తున్నావు. ఎమర్జెన్సీలో పత్రికలకి సెన్సారు వచ్చిందని అందరూ గోల పెట్టారు గానీ, మన వరండాలో అది 1971లోనే వచ్చింది. మీ అమ్మకి ఈ సంగతి తెలియదు. తెలియనివ్వకు. మీ ఎడిటరు గారికి నా నమస్కారాలు."

ఎన్నిసార్లు చదివానో. నన్ను పత్రికకి బలిపెట్టారని ఏడేళ్ళు కోపం పెట్టుకున్నాను. ఆయనేమో నాకోసం రెండో తరగతి పిల్లల్ని పణం పెట్టానని ఏడేళ్ళు కుమిలారు. ఏ కోపం దాచుకోవాలో తెలియలేదు నాకు. టీవీలో ఆ పోలీసు స్టేషను పాతకాపు ముఖం గుర్తొచ్చింది. అదే ముఖం. నేను మొదటి రాత్రే గుర్తుపట్టాను, కానీ ఎవరిదో తెలియలేదు.

జవాబు రాయడానికి పది రోజులు పట్టింది. "మీకు అంగుళాలు ఎన్ని వచ్చాయి ఈ నెల?" అని రాశాను. అంతకంటే చేతకాలేదు. ఆయనకి అది చాలింది. అప్పటినుంచి ఉత్తరాలు జోరయ్యాయి. నేను సోమవారం కథ రాసేదాన్ని, ఆయన తీర్పు చెప్పేవారు. మా ఊరికి అప్పటికి టీవీ రాలేదు. సీరియల్లో ఒక్క భాగం కూడా చూడకుండా ఆ మనిషి అందరినీ దులిపేవారు. "ఆ రోసీ తొందరపాటు మనిషి. రెండో సాక్షి లేకుండా రాయనివ్వకూడదు." "ఆ మహాతల్లి కుక్కపిల్లకి ఏం పేరు?" నేను బార్నీ అని రాశాను. "మునిసిపల్ ఛైర్మన్ కుక్క పేరు కూడా అదే పెట్టించాలి," అని జవాబు.

1980లో పిల్లని తీసుకుని ఇండియా వెళ్ళాను. ఒకటో తారీఖు దాటి పత్రిక మనియార్డరు వచ్చిన రోజున, నాన్నగారు చొక్కా వేసుకుని బయల్దేరారు. నేనూ వస్తానన్నాను. వద్దన్నారు. వెళ్ళాను. కాలవ గట్టున ఒక పూరింటి ముందు, కర్ర ఊతంతో నిలబడ్డ మనిషి ఆయన్ని చూసి లోపలికి మంచం కోసం కేకేశాడు. నాన్నగారు ఇరవై రూపాయలు ఇచ్చారు. ఆ మనిషి, "ఎన్నాళ్ళిస్తారు బాబూ, కాలు విరగ్గొట్టినోళ్ళు ఒక్కనాడు రాలేదు," అన్నాడు నాకేసి చూస్తూ. నాన్నగారు కాలవకేసి చూశారు. ఆయన అంగుళాల డబ్బు ఎటు పోతోందో అప్పుడు తెలిసింది నాకు. మా అమ్మ ఏళ్ళ తరబడి, "ఆ సిగరెట్లకే పోస్తున్నారు," అని సణిగేది. నాన్నగారు సిగరెట్టు కాల్చగా నేను చూడలేదు.

'లూ గ్రాంట్' 1982లో ఆగిపోయింది. 1979లోనూ 1980లోనూ దేశం మొత్తంమీద ఉత్తమ నాటకమని ఎమ్మీ వచ్చిన సీరియల్! ఆస్నర్‌కి ఒకే పాత్రకి ముందు హాస్యానికి, తర్వాత గంభీర నాటకానికి కూడా ఎమ్మీలు వచ్చాయి. అతను అప్పటికి సినిమా, టీవీ నటుల సంఘానికి అధ్యక్షుడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో మరికొందరితో వాషింగ్టన్ వెళ్ళి, ఎల్ సాల్వడార్‌లో ప్రభుత్వంమీద తిరగబడినవాళ్ళ ప్రాంతాలకి వైద్యసహాయం కోసం డబ్బు పోగుచేస్తున్నామని ప్రకటించాడు. అమెరికా ప్రభుత్వమేమో రెండోవైపు ఉంది. గోల మొదలయింది. కింబర్లీ క్లార్క్ కంపెనీ, అదే, ముక్కు తుడుచుకునే కాగితాలు చేసేవాళ్ళు, ప్రకటనలు మానుకున్నారు. మే నెలలో సీబీఎస్ వారు సీరియల్ ఆపేస్తున్నామన్నారు. చూసేవాళ్ళు తగ్గారు, అదే కారణమన్నారు. చూసేవాళ్ళు తగ్గినమాట అబద్ధం కాదు. కానీ తన మాటలే కారణమని ఆస్నర్ చివరిదాకా నమ్మాడు. నేనూ నమ్ముతాను. నూట పద్నాలుగు భాగాలు. ఆఖరిది సెప్టెంబరు 13న, సోమవారమే వేశారు.

నాన్నగారికి రాశాను. "తెలిసి మాట్లాడాడు, ఖరీదు కట్టాడు. పోనీలే. మాట్లాడకుండా ఉంటే ఎన్నాళ్ళు కడుతూ ఉండాలో అతనికి తెలియదు," అని రాశారు. ఆ పై సంవత్సరం ఆయనకి పక్షవాతం వచ్చింది. మిసెస్ పించన్‌కి కూడా సీరియల్లో వచ్చింది, లేచి వచ్చి పత్రిక నడిపింది. నాన్నగారు లేవలేదు. 1984లో పోయారు.

అమ్మని 1985లో నా దగ్గరికి తెచ్చుకున్నాను. మొదటి చలికాలం. ఒక మధ్యాహ్నం ఇద్దరం వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాం. డ్రాయింగ్ రూంలో టీవీలో ఏదో వస్తోంది. ఆయన తెలియనివ్వకు అన్నారు, నేను చెప్పనన్నాను. కానీ ఆయనే లేరు. అమ్మ ఆయన్ని తప్పుగా అనుకుంటూనే పోకూడదనిపించింది. ఆ మేస్త్రీ సంగతి మొదలుపెట్టాను. రెండు వాక్యాలు చెప్పానో లేదో, అమ్మ చిక్కుడుకాయ ఈనె తీస్తూనే అంది:

"ఆ మేస్త్రీకి కాఫీ ఇచ్చింది ఎవరనుకున్నావే?"

నా చెయ్యి ఆగిపోయింది. "మరి కవరు?"

"ఆ చొక్కా ఉతకడానికి తీసింది నేనే కదా. జేబు చూడకుండా ఎప్పుడైనా నానబెట్టానా? చదివి మళ్ళీ అందులోనే పెట్టి, చిలక్కొయ్యకి తగిలించేశాను. ఇవాళ పంపుతారు, రేపు పంపుతారని రోజూ చూశాను. నేను నోరు తెరిచి చెప్పలేకపోయాను. నీ తాంబూలాలు కదా."

"వాచ్‌మన్ డబ్బు సంగతి?"

"అదీ తెలుసు. సణగకపోతే తెలిసిందని ఆయనకి తెలిసిపోదూ?"

కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు. నేను మెల్లిగా అడిగాను. "మూడు నెలలు నువ్వు ఆయనతో మాట్లాడలేదే. ఆ పేరు రాసినందుకు కాదా?"

"రాసినందుకని మీరిద్దరూ అనుకున్నారు," అంది అమ్మ. "పదకొండు రోజులు జేబులో పెట్టుకు తిరిగినందుకు."

గిన్నెలోంచి ఇంకో పిడికెడు కాయలు తీసుకుంది. "ముదురువి పక్కన పడెయ్యి, ఉడకవు. ఆ టీవీలో ఏమిటే అలా అరుస్తున్నారు? కాస్త తగ్గించిరా."